వంతెన నడుమ నింపిన ఒడి

మంజీర మీది వంతెనను నేను బస్సు కిటికీలోంచి చాలాసార్లు చూశాను. బస్సులో ఆ వంతెన మొదలవగానే అయిపోతుంది. చదువుతున్న పుస్తకంలోంచి తలెత్తేసరికి నీళ్లు కనిపిస్తాయి, పేజీలో వేలు పెట్టి చూస్తుండగానే అవతలి ఒడ్డు చెరకు తోటలు వచ్చేస్తాయి. దాన్ని నడిచి దాటితే ఎలా ఉంటుందో ఎప్పుడూ ఆలోచించలేదు. మొన్న మాఘంలో మా వదిన పనిమీద ఆ అవసరం పడింది.

వదిన అంటే మా అన్న భార్య. ఆమెది నది అవతల, వంతెన దిగగానే కనిపించే ఊరు. తల్లి చిన్నప్పుడే పోతే అమ్మమ్మ పెంచింది. పెళ్లై జహీరాబాద్ వచ్చి రెండేళ్లయింది, ఇప్పుడు కడుపుతో ఉంది. మా వైపు ఏడో నెలలో పుట్టింటి మనిషి వచ్చి ఒడి నింపుతుంది. పసుపు కలిపిన బియ్యం, ఎండుకొబ్బరి కుడుకలు, ఖర్జూరాలు, పోకలు, తమలపాకులు, ఒక రవికె గుడ్డ, అన్నీ గర్భిణి చీర కొంగులో పోస్తారు. పోసే చేయి తల్లిది కావాలి. తల్లి లేని వదినకు ఆ చేయి అమ్మమ్మది కావాలి. ఇంకెవరు నింపినా తనకు వద్దని మా అమ్మతో మెల్లగా చెప్పింది, మరునాడు మళ్లీ చెప్పింది. ఏ మాటా రెండోసారి అనే మనిషి కాదు వదిన.

అడ్డంకులు రెండు. కడుపుతో ఉన్న ఆడది పారే ఏరు దాటకూడదని మా ఇంట్లో గట్టి పట్టింపు. వదిన పుట్టింట్లో కూడా అంతే. అందుకే ఐదో నెల నుంచి ఆమె అటు పోలేదు. ఇక అమ్మమ్మ ఇటు రావాలంటే, ఆమె బండి ఎక్కదు. బస్సైనా కారైనా నాలుగు మలుపులు తిరిగేసరికి వాంతులు మొదలై సోలిపోతుంది. పోయిన వానాకాలం మోకాళ్లు చూపించడానికి ఆటోలో దవాఖానకు తీసుకుపోతే, మోకాళ్ల సంగతి వదిలేసి ఆటో ఎక్కినందుకు సెలైన్ పెట్టారట. ఇక చచ్చినా బండి ఎక్కనని ఆరోజే ఒట్టు పెట్టుకుంది.

చివరికి మా అమ్మే దారి చూసింది. మేం కారులో ఇవతలి ఒడ్డు దాకా పోతాం. అక్కడ నది పక్కనే గుడి ఉంది, కూర్చోవడానికి నీడ ఉంది. అమ్మమ్మను తాత చేయి పట్టుకుని వంతెన మీద నడిపించుకొస్తాడు. నిదానంగా పోతే పర్వాలేదని డాక్టరమ్మ ఒప్పుకుంది. కాని ఇదే ఆఖరు ప్రయాణమని, ఆ తర్వాత కాన్పు దాకా పట్టణం దాటొద్దని ఖచ్చితంగా చెప్పింది. అంటే ఒడి నిండితే ఆరోజు నిండాలి.

అన్న డ్యూటీ ఉండి రాలేకపోయాడు. కారు మా గల్లీలోనే ఉండే భయ్యాది. గుంత కనబడితే చాలు, బ్రేకు వేయడానికి ముందే "అమ్మా, గట్టిగ పట్టుకోండ్రి" అనేవాడు.

"గుంత లేనికాడ చెప్పు నాయ్న, నీకు గంత కష్టముండది" అంది అమ్మ.

న్యాల్‌కల్ దాటాక భూమి నల్లబడింది. రేగడి చేలల్లో తెల్లజొన్న కంకులు తలలు వంచి ఉన్నాయి. వాటి అంచుల వెంబడి కుసుమ పూలు, పసుపు నుంచి ఎరుపుకు మారే మధ్యలో ఎన్ని రంగులు ఉంటాయో అన్నీ ఒకే చెట్టు మీద. ముళ్ల చెట్టు కాబట్టి పశువులు రాకుండా చేను చుట్టూ వేస్తారు. కంచెకు వేసినది చేను కంటే అందంగా ఉంది. వదిన కిటికీ వైపు కూర్చుని, ఎదురుగా చెరకు ట్రాక్టర్ వచ్చిన ప్రతిసారీ అది తమ ఊరి నుంచేమో అని చూసింది.

గుడి చిన్నదే. దాని ప్రాంగణం మాత్రం చాలా శుభ్రంగా, చల్లగా ఉంది. నందివర్ధనం చెట్ల కింద రాలిన పూలను ఎవరో పొద్దున్నే ఊడ్చి ఒక మూలకు చేర్చారు. గుడి వెనక నుంచి రాతి మెట్లు నీళ్లలోకి దిగుతాయి. ఆఖరి మెట్టు మీద ఒక తెల్ల కొంగ నిలబడి ఉంది, మమ్మల్ని చూసి కూడా కదల్లేదు. అక్కడి నుంచి చూస్తే వంతెన మొత్తం పక్క నుంచి కనబడుతుంది. బస్సులో పోయేవాళ్లకు ఎప్పుడూ కనబడని వైపు అది. స్తంభాలు ఒకదాని వెనక ఒకటి చిన్నవవుతూ అవతలి ఒడ్డు దాకా పోయాయి, ప్రతి స్తంభం కింద దాని నీడ తలకిందులుగా వణుకుతోంది. నాకు అక్కడే ఒక గంట కూర్చోవాలనిపించింది.

"అగో, మా బురుజు" అని వదిన చేయి చాపింది. నీళ్లకు అవతల, చెట్ల పైన, సగం విరిగిన గుండ్రని గోడ ఒకటి కనబడింది. "దాని కిందనే మా ఇల్లు. ఇక్కడికెల్లి గింత చిన్నగ కనవడుతదని నాకు తెల్వదు."

అప్పుడే తాత ఫోన్ చేశాడు. వదిన స్పీకర్ పెట్టింది.

"చెరుకు కొట్టెటోళ్లు ఇయ్యాల్నే దిగిన్రు బిడ్డా" అన్నాడు తాత. వెనక కత్తుల చప్పుడు, మనుషుల కేకలు. "నేను మడి ఇడిసి రారాదు. మీ అమ్మమ్మను రేపు పోదామన్న. ఆమె ఇంటదా. మూట నెత్తిన వెట్టుకొని ఒక్కతే ఎల్లింది."

వదిన ముఖం మారిపోయింది. ఆ మోకాళ్లతో, ఒక్కతే, వంతెన పొడవునా. భయ్యా తాను కారు తీసుకుపోయి ఎక్కించుకొస్తానన్నాడు.

"ఆమె ఎక్కది భయ్యా" అంది వదిన. "ఎక్కితె నీ కారు నువ్వు ఎక్కవు."

అమ్మ నా వైపు తిరిగింది. "నువ్వు పో. చెయ్యి పట్టుకొని మెల్లగ తోల్కరా."

"నేనా" అన్నాను. పెళ్లిలో దూరం నుంచి చూడటమే గాని ఆమెతో ఎప్పుడూ మాట్లాడలేదు. కొత్తవాళ్లను పలకరించాలంటే ముందు రోజు నుంచి మనసులో మాటలు కూర్చుకునేదాన్ని.

"నువ్వే. ఏం, నిన్ను తింటరా అక్కడ."

"మా అమ్మమ్మతోటి నువ్వు మాట్లాడే పనుండదు పిల్లా" అంది వదిన. "ఆమెనే మాట్లాడుతది." తర్వాత అమ్మను అడిగింది, "నేను గూడ మొదట్లదాక పోనా అత్తమ్మా? ఇసుక ఉన్నంతదాక."

అమ్మ వంతెన మొదలు దాకా పోయి కిందికి వంగి చూసి వచ్చింది. తన చిన్నతనంలో మాఘం నాటికి ఇటువైపంతా ఇసుక తేలి ఉండేదట. ఈసారి వానలు బాగా పడ్డాయి, మొదటి స్తంభం నుంచే నీళ్లు. "వద్దు బిడ్డా. నీళ్ల మీద అడుగు వెట్టకు" అంది. వదిన ఇంకోసారి అడగలేదు. గుడి అరుగు మీద, వంతెన కనబడే వైపు తిరిగి కూర్చుంది.

నేను బయల్దేరాను. మొదట కొంతదూరం తల దించుకునే నడిచాను, అది నాకు అలవాటు. తల దించుకున్నందుకే ఒక మంచి సంగతి కనబడింది. వాన నీళ్లు పోవడానికి కాలిబాట అంచున చిన్న చిన్న రంధ్రాలున్నాయి. ఒక్కో రంధ్రంలో రూపాయి బిళ్ల అంత నది మెరుస్తోంది. ఆ తర్వాత వంతెన పిట్టగోడ మీద చేతులు ఆనించి నిలబడి చూశాను. ఎగువ వైపు నీళ్లు ఆకుపచ్చగా, కదులుతున్నట్టే లేవు. దిగువ వైపు అవే నీళ్లు ఎండకు తెల్లగా, లక్ష ముక్కలుగా ఉన్నాయి. రోడ్డు దాటితే చాలు, నది రంగు మారిపోతోంది. నేను అటూ ఇటూ దాటి చూశాను, ఎవరైనా గమనిస్తున్నారేమో అని కూడా మరిచిపోయి. చాలా కింద ఒకతను తెప్ప మీద కూర్చుని వల తీస్తున్నాడు. తెడ్డు నీళ్లను తాకడం ముందు కనబడింది, చప్పుడు తర్వాత నా దాకా వచ్చింది.

చెరకు ట్రాక్టర్ ఒకటి పక్క నుంచి పోయింది. దాని బరువుకు వంతెన సన్నగా ఊగింది, ఆ కదలిక చెప్పుల్లోంచి మోకాళ్ల దాకా ఎక్కింది. ముందు ఉలిక్కిపడ్డాను. తర్వాత అర్థమైంది, అంత పెద్దది ఆ మాత్రం ఊగితేనే విరగకుండా నిలబడుతుందని. రెండో ట్రాక్టర్ వచ్చేసరికి ఆ ఊపు కోసం ఆగి నిలబడ్డాను.

వంతెన మధ్యలో ఒక కుటుంబం ఫోటోలు దిగుతోంది. భార్యాభర్తలు, ఇద్దరు ఆడపిల్లలు. బీదర్ నుంచి నదిని చూడటానికి వచ్చారట. భార్య ఎండకు నల్ల ఛత్రి పట్టుకుని ఉంది. "బేటీ, హమారా ఏక్ ఫోటో" అని ఫోన్ నా చేతిలో పెట్టింది. తీశాను. పిల్లలు రెండుసార్లు కళ్లు మూశారు, మూడోసారి సరిగ్గా వచ్చింది. ఆమె చూసి "నది మొత్తం వచ్చింది" అని మెచ్చుకుంది.

అవతల దిగాక రోడ్డు పక్కనే బురుజు. దగ్గరికి వస్తే అది ఎంత ఎత్తుదో తెలిసింది. కింద నల్లరాళ్లు, పైన ఇటుక, రాళ్ల సందుల్లో చిలకల గూళ్లు. విరిగిన వైపు నుంచి లోపలి మెట్లు కనబడుతున్నాయి, పై మెట్టు తర్వాత ఆకాశమే. ఎవరు ఎవరి మీద కాపలా కాయడానికి కట్టారో గాని, ఇప్పుడు దాని నీడలో ఒక ఛాయ్ కొట్టు ఉంది. ఆ కొట్టు బల్ల మీద, గోచీ చీర కట్టిన ఒక బక్కపలుచని ముసలామె సాసర్లో ఛాయ్ పోసుకుని ఊదుతోంది. పక్కన తెల్ల గుడ్డలో కట్టిన మూట.

"అవ్వా" అన్నాను.

"ఎవరి పిల్లవు?"

"జహీరాబాద్ నుంచి. వదిన... నేను మరదలిని."

"జర గట్టిగ చెప్పు. నా చెవులు మంచిగనే ఉన్నయ్ గని, నీకే గొంతు లేనట్టున్నది." ఛాయ్ తాగేసి లేచింది. "దాని లెక్కనే ఉన్నవు. అది గూడ గింతే మెల్లగ మాట్లాడుతుండె. అది మంచిగున్నదా? తింటున్నదా?"

మూట నేను పట్టుకుంటానంటే ఇవ్వలేదు. ఒడి బియ్యం కట్టిన చేయి నుంచి కొంగులోకే పోవాలట, నడుమ ఇంకో చేయి తగలొద్దట. మూట నెత్తిన పెట్టుకుని, ఒక చేత్తో దాన్ని, ఇంకో చేత్తో నన్ను పట్టుకుని వంతెన ఎక్కింది. వదిన చెప్పినట్టు నేను మాట్లాడే పని పడలేదు. తాత ఎంత మొండివాడో, చెరకు కొట్టేవాళ్లు చెప్పకుండా ఎలా దిగుతారో, వదిన చిన్నప్పుడు బురుజెక్కి దిగలేక ఎంత ఏడ్చిందో, అన్నీ చెప్పింది. చెబుతూ చెబుతూ మాటల మధ్య ఎడం పెరిగింది. మొదట దీపస్తంభం ఉన్న ప్రతిచోటా ఆగింది. తర్వాత స్తంభం దాకా కూడా రాలేక మధ్యలో ఆగింది. నడుమకు వచ్చేసరికి గోడకు ఆనుకుని, మెల్లగా కాలిబాట మీద కూర్చుంది. మూట ఒళ్లో పెట్టుకుంది.

"జరసేపు" అంది. నుదురంతా చెమట.

ఇవతలి ఒడ్డు ఇంకా చాలా దూరం. గుడి అరుగు మీద ఒక పసుపు చుక్క, అది వదిన చీర. ఆ చుక్క లేచి నిలబడింది. మేం ఆగిపోయామని ఆమెకు తెలిసిపోయింది.

నేను బాటిల్ ఇస్తే అవ్వ రెండు గుక్కలు తాగింది. "అది ఎక్కకుండ చూడున్రి" అంది. "నేనే వస్త. నేనొకపారి ఈ ఏరు దాటిన, దాని తల్లిని కడుపుల వెట్టుకొని. అప్పుడు వంతెన లేదు. నొప్పులు వట్టినయ్. మంత్రసాని గా ఒడ్డుకుండె. నన్ను పుట్టిల కూసోవెట్టిన్రు. వానకాలం, ఏరు నిండ పారుతున్నది. నడిమిట్లకొచ్చినంక పుట్టి గిరగిర తిరిగింది. అందరు అంచు వట్టుకున్నరు. నేను కడుపు వట్టుకున్న." మూట ముడి ఒకసారి సరిచూసుకుంది. "ఒడ్డెక్కినంక మా అత్త అన్నది, ఇగ మన ఇంట్ల కడుపుతోటున్న పిల్ల ఏరు దాటొద్దని. నేను గూడ అదే అంట. నా లెక్క అది భయపడొద్దు."

తిరిగే పుట్టి నాకు కళ్లకు కట్టింది. గుండ్రటి తట్ట లాంటి పడవ, కింద ఎర్రటి వరద. ఇంకో ట్రాక్టర్ పోయింది, వంతెన సన్నగా ఊగి ఆగింది. నేను మామూలుగా అయితే అడగను. కాని అరుగు మీది పసుపు చుక్క ఇప్పుడు వంతెన మొదలు దాకా వచ్చి నిలబడింది, అక్కడి నుంచి ముందుకు రావడం లేదు.

"అవ్వా, ఇప్పుడు భయమైతున్నదా మీకు?"

"దేనికి?"

"నడి ఏట్ల కూసున్నం కద."

ఆమె కాళ్ల వైపు చూసుకుంది, రోడ్డు వైపు చూసింది. "కాళ్లు గుంజుతున్నయ్" అంది. "భయమెక్కడిది."

నేను అమ్మకు ఫోన్ చేశాను. అవ్వ కూర్చుండిపోయిందని, పుట్టిలో దాటిన సంగతి, భయం లేదన్న మాట, అన్నీ చెప్పాను. నేను అంతసేపు ఆగకుండా మాట్లాడటం అమ్మకు కొత్త. మధ్యలో అడ్డు రాలేదు. చివరికి, "ఫోను ఆమెకియ్యి" అంది.

అవ్వ ఫోన్‌ను నోటి ముందు పెట్టుకుని అరిచింది. "వద్దు బిడ్డా. పిల్లను ఎక్కనియ్యకు. నేను లేచి వస్తున్న."

"అవ్వా, ఎండ ఎక్కుతున్నది" అమ్మ గొంతు నాక్కూడా వినబడుతోంది. "నిజం చెప్పున్రి. లేస్తరా, లేవరా?"

అవ్వ గోడ పట్టుకుని లేవబోయింది. నేను భుజం పట్టుకున్నాను. సగం లేచి మళ్లీ కూర్చుంది.

"లేవ" అంది ఫోన్‌లో, నాకు నేర్పిన గట్టి గొంతు కాకుండా.

"అయితే నేనే తోల్కొస్త" అంది అమ్మ. "దాని చెయ్యి నా చేతిల ఉంటది. ఒడ్డుకు వచ్చెదాక ఇడువ. మీరు ఫికర్ చెయ్యకున్రి."

వాళ్లు వంతెన ఎక్కారు. నా జీవితంలో నేను చూసిన నడకల్లో అంత నిదానమైనది లేదు. అమ్మ గోడ వైపు, వదిన లోపలి వైపు, వెనకాల భయ్యా గుడిలోంచి తెచ్చిన ప్లాస్టిక్ కుర్చీ మోసుకుంటూ. ట్రాక్టర్ వస్తే భయ్యా కుర్చీని అడ్డం పెట్టి చేయెత్తేవాడు, అది పక్కకు జరిగి పోయేది. అవ్వ నా ముంజేయి పట్టుకుంది. వాళ్లు ఆగితే ఆమె పట్టు బిగిసేది, కదిలితే వదులయ్యేది. పెదవులు కదులుతున్నాయి, ఏ దేవుడికో నేను అడగలేదు. నా చూపు మాత్రం అమ్మ మీదే ఆగిపోయింది. మంగళవారం గోళ్లు తీయనివ్వని మా అమ్మ, తుమ్మితే ప్రయాణం ఆపే మా అమ్మ, నీళ్ల మీద నడిపించుకొస్తోంది కోడలిని, ఒక్కసారి కూడా కిందికి చూడకుండా.

వదిన దగ్గరికి రాగానే అవ్వ ఆమె కడుపు మీద చేయి పెట్టింది. ముందు వదినే మాట్లాడింది. "భయం గాలే అమ్మమ్మా. గాలి మంచిగొస్తున్నది."

వదినను కుర్చీలో కూర్చోబెట్టారు. బీదర్ కుటుంబం ఇంకా అక్కడే ఉంది. ఏం జరుగుతోందో ఆ భార్య అడిగి తెలుసుకుని, వచ్చి ఛత్రిని వదిన మీద పట్టుకుని నిలబడింది, అయిపోయేదాకా చేయి మార్చుకుంటూ. "హమారే యహాఁ భీ గోద్ భరాయీ కర్తే" అంది అమ్మతో. అమ్మకు హిందీ అంతంతే, కాని వాళ్లలో కూడా ఒడి నింపుతారన్న ఆ మాట అర్థమైంది. ఇద్దరూ ఖర్జూరాలు వాళ్ల దగ్గర ఎలా పెడతారో, మా దగ్గర ఎలా పెడతారో మాట్లాడుకున్నారు.

వదిన కొంగు పట్టింది. అవ్వ కాలిబాట మీది నుంచి లేవకుండానే మూట విప్పి, దోసిలి దోసిలిగా పోసింది. గాలికి గింజలు ఎగిరితే గోడ అవతల పడ్డాయి. "గంగమ్మకు గూడ ఇంత పడ్డది, పడనియ్యి" అంది అమ్మ. పసుపు బియ్యం, వాటి మీద కుడుకలు, ఖర్జూరాలు, ఆకులు. ప్రతి దోసిలికీ అవ్వ వదిన ముఖంలోకి చూసి తర్వాతే వేళ్లు విప్పేది. ఆఖరున మూటలో మిగిలిన గింజలను గుడ్డతో సహా దులిపి, ఆ గుడ్డను కూడా ఒళ్లో పెట్టింది. అది పాతది, అంచు చిరిగింది. "మీ అమ్మ రవికె గుడ్డ" అంది. "కుట్టియ్యలే. ఉంచిన." వదిన అప్పుడు ఏడ్చింది. మోటారు సైకిళ్లు నెమ్మదించి చూసి పోయాయి, నాకు సిగ్గనిపించలేదు.

అంతసేపు కూర్చున్నాక అవ్వ కాళ్లు కాస్త తేరుకున్నాయి, పోయేటప్పుడు ఆమెను ఇల్లు చేర్చే పని బీదర్ వాళ్లు తీసుకున్నారు. వాళ్లు ఎలాగూ బురుజు చూడాలనుకున్నారు. భార్య ఒక పక్క, భర్త ఒక పక్క, ఛత్రి అవ్వ మీద. నేను వస్తానంటే అవ్వ ఒప్పుకోలేదు. "నువ్వు దీన్ని చూసుకో" అంది. "ఫోన్ల గట్టిగ మాట్లాడినవు. అట్లనే మాట్లాడు."

అమ్మ వదినను ఇటు తిప్పబోయింది. వదిన కదల్లేదు. "దిగెదాక చూస్త అత్తమ్మా" అంది. నీళ్ల మీద ఒక్క నిమిషం ఎక్కువ ఉండొద్దనుకునే అమ్మ సరేనంది. ఎండ గోడ మీద వేడెక్కింది. ఛత్రి చిన్నదవుతూ, ఆగుతూ, మళ్లీ కదులుతూ పోయింది. వంతెన దిగిన చోట ఛత్రి పక్కకు జరిగింది. అవ్వ ఇటు తిరిగి చేయెత్తింది.

వదిన రెండు చేతులూ నిండిన కొంగును పట్టుకుని ఉన్నాయి. వదిలితే గింజలు పోతాయి. ఆమె నా వైపు చూసింది, నేను బాటిల్ కింద పెట్టేలోపే మా అమ్మ తన కుడిచేయి పైకెత్తి, గాజులు మోచేతికి జారిపోయేంత ఎత్తుకెత్తి, అవతలి ఒడ్డు వైపు ఊపింది.